అమ్మ కళ్లు, అటక మీది వైరు

కొత్త టీవీ కావాలని పట్టుబట్టింది నేనే. పాత డబ్బా టీవీ ఇంకా పనిచేస్తూనే ఉంది. అమ్మకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. మాదన్నపేటలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక గోడకు టీవీ, ఎదురుగా కిటికీ కింద అమ్మ కుట్టుమిషను. ఆమె మిషను తొక్కుతూనే సీరియల్ చూసేది. కుట్టు దారిన కుట్టు, కథ దారిన కథ నడిచిపోయేవి. ఆఫీసులో నా పక్క సీటు ఆయన హెచ్‌డీ టీవీ కొన్నాక, క్రికెట్ పిచ్ మీద పగుళ్లు కూడా కనబడుతున్నాయని పొద్దున రాగానే మొదలుపెట్టేవాడు. నాకు కడుపు మండింది. అసలు కారణం అంతకు మించి ఏమీ లేదు.

షాపులో చూసినప్పుడు ఆ తెర మీద ఏవో చేపలు ఈదుతున్నాయి. ఒక్కో పొలుసు విడివిడిగా మెరుస్తోంది. అక్కడే పడిపోయాను. మా గోడకు అంత పెద్దది ఎందుకని మా ఆవిడ మెల్లగా అడిగింది. కొంటే ఇలాంటిదే కొనాలి, లేకపోతే ఊరుకోవాలి అన్నాను. ఊరుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో కొత్త వస్తువును తెచ్చిన వెంటనే వాడరు. కొత్త దుప్పట్లు ట్రంకులో ఉంటాయి, కొత్త గ్లాసులు అట్టపెట్టెలో ఉంటాయి. చుట్టాలొస్తే తీద్దాం అంటారు. చుట్టాలొస్తారు, పోతారు, గ్లాసులు మాత్రం పెట్టె దిగవు. పాతది పూర్తిగా ఊడి చేతికొచ్చేదాకా కొత్తదాని మీద చెయ్యి వేయకూడదు. ఈ పద్ధతిని నేను చిన్నప్పటి నుంచీ వెక్కిరించేవాణ్ణి. తీరా చూస్తే అమ్మకంటే నాకే ఎక్కువ అంటుకుంది.

టీవీ బిగించడానికి వచ్చినతను గోడకు దాన్ని తగిలించి, కేబుల్ డబ్బాకు కలిపే సన్నని నల్ల వైరును కవరులోంచి తీయబోయాడు. పాత టీవీకి వాడిన ఎరుపు, పసుపు, తెలుపు మూతుల వైర్లు పక్కనే వేలాడుతున్నాయి. "ఇవి మంచిగనే ఉన్నయి గద భాయ్, గవే పెట్టు. కొత్తది ఉండనీ" అన్నాను. దేనితోనైనా బొమ్మ వస్తుందిలే అని అతను పాతవే గుచ్చాడు. కొత్త వైరును కవరుతో సహా టీవీ పెట్టెలో వేసి, పెట్టెను అటకెక్కించాను. పొదుపు చేశానన్న తృప్తి కూడా కలిగింది.

ఆ సాయంత్రం గోడ అవతలి ఇంటి ఆపా, వాళ్లమ్మాయి టీవీ చూడ్డానికి వచ్చారు. ఉర్దూలో అక్కా అని అందరం పిలిచే ఆ ఆపాకూ అమ్మకూ నేను పుట్టకముందు నుంచే స్నేహం. గోడ మీదుగా మా వైపు నుంచి పచ్చిపులుసు పోతే, అటు నుంచి సేమ్యా వస్తుంది. అందరూ కూర్చున్నాక గొప్పగా రిమోటు నొక్కాను. వార్తలు చదివే ఆయన తెరంతా నిండాడు. అమ్మ కాసేపు చూసి, "గీయన మొఖం ఏంది బిడ్డా, అలికినట్టున్నది?" అని అడిగింది.

నిజం చెప్పాలంటే నాకూ అలాగే కనిపించింది. చేపల పొలుసులు కాదు గదా, ఆ మనిషి ముక్కెక్కడ ఆగి చెంప ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కింద పరుగెత్తే అక్షరాల అంచులు నానిన అటుకుల్లా ఉబ్బి ఉన్నాయి. కానీ పదిమంది ముందు, అంత పెద్ద టీవీ మోసుకొచ్చినవాణ్ణి, ఎలా ఒప్పుకుంటాను?

"టీవీ మంచిగనే ఉన్నదమ్మా. నీ కండ్లే ఒకసారి చూపించాలె" అన్నాను.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నదట అని సామెత. మా ఇంట్లో మద్దెలే ఓడు. నేను తప్పును ఆడే మనిషి మీదికి నెట్టాను.

మర్నాటి నుంచి దొంగతనంగా నా మరమ్మతులు మొదలయ్యాయి. అమ్మ కూరగాయలకు మార్కెట్‌కు వెళ్లగానే రిమోటు పట్టుకునేవాణ్ణి. రంగులు పెంచితే అందరి మొహాలూ ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రబడ్డాయి. షార్ప్‌నెస్ పెంచితే మనుషుల చుట్టూ తెల్లటి గీత వచ్చింది. తగ్గిస్తే మళ్లీ అలుకు. కేబుల్ అతన్ని పిలిచి హెచ్‌డీ చానళ్లు వేయించాను. లైనులో ఏ లోపమూ లేదని చెప్పి టీ తాగి వెళ్లాడు. మరీ దగ్గర నుంచి చూస్తున్నామేమోనని మంచాన్ని వెనక్కి జరిపాను. కిటికీ వెలుతురు పడుతోందేమోనని పరదా వేశాను. అమ్మ తిరిగొచ్చి పరదా ఎందుకేశావని అడిగితే దుమ్ము అని చెప్పాను. ఇన్ని చేసినవాణ్ణి ఆ మూడు రంగుల వైర్ల వంక ఒక్కసారైనా చూడలేదు. అవి ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాయి గనక నా కంటికి గోడలో భాగమైపోయాయి.

ఇలా లోపల వెతుకుతూనే, పైకి మాత్రం అదే పాట. అమ్మ ఎప్పుడు మసక అన్నా, కళ్లు అనేవాణ్ణి. కొన్నాళ్లకు ఆమె అనడం మానేసింది. గొడవ వదిలిందనుకున్నాను. నా మాట నమ్మడం మొదలుపెట్టిందని అప్పుడు నాకు తట్టలేదు.

మా అమ్మ చూపు ఎలాంటిదో మా వాడంతటికీ తెలుసు. కూరగాయల బండి ఇవతల నిలబడి, అవతలి కొసన ఉన్న వంకాయలో పుచ్చు చూపించేది. కూరగాయలవాళ్లు ఆమెను చూస్తే పైన మంచివి పేర్చేవారు. అలాంటి మనిషి, నువ్వే ఏరి ఇయ్యి బిడ్డా అని బండి అతనికి సంచి అప్పగించడం మొదలుపెట్టింది. కుట్టేటప్పుడు ఎప్పటి నుంచో కళ్లద్దాలు పెట్టుకునేది, ఆ అద్దాలతో ఆమె కుట్టు గీత గీసినట్టు వచ్చేది. ఇప్పుడు జాకెట్టు కుట్టి, వెలుతురుకు పట్టి చూసి, వంకర పోయిందేమోనని విప్పేది. మళ్లీ కుట్టి మళ్లీ విప్పేది. ఒకరోజు ఆమె విప్పబోతున్న కుట్టును నేను చేతిలోకి తీసుకుని చూశాను. వంకర లేదు. ఆ మాటే చెప్పాను, కానీ "నువ్వు నా మనసు కోసం అంటున్నవ్" అని విప్పేసింది. వాడలోని ఆడవాళ్లు ఇచ్చిన గుడ్డల్ని ఒక్కొక్కటిగా కుట్టకుండానే వాపసు పంపింది. నా చొక్కాకు రెండో గుండీ ఊడి వేలాడుతుంటే, దాన్ని కూడా దర్జీకి ఇచ్చుకోమంది; నేను ఇవ్వలేదు, అలాగే వేసుకు తిరిగాను.

మా ఆవిడ ఒకరోజు వంటింట్లోకి పిలిచి, "అత్తమ్మ కండ్లు మంచిగనే ఉన్నయి. నాకు గూడ ఆ టీవీ మసకనే కనబడ్తది" అన్నది. నువ్వు కూడా మొదలుపెట్టకు అని కసిరాను. అప్పుడైనా అమ్మను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవచ్చు. తీసుకెళ్లలేదు. పని ఉందనీ, ఎండలు తగ్గనీ అనీ వాయిదా వేశాను. డాక్టరు చూసి ఈమె కళ్లకేం లేదంటే నా టీవీ సంగతేమిటన్న భయం ఎక్కడో ఉండే ఉంటుంది. దానికి బదులు మెడికల్ షాపులో కళ్ల మంటకు వేసుకునే చుక్కల మందు కొనితెచ్చాను. అమ్మ దాన్ని టీవీ కింది గూట్లో పెట్టి, పొద్దునా సాయంత్రమూ తల పైకెత్తి శ్రద్ధగా వేసుకునేది.

ఆ వేసవిలోనే ఆపా వాళ్లమ్మాయికి పెళ్లి కుదిరింది. అత్తగారిల్లు చాంద్రాయణగుట్ట. ఆ పిల్ల కుట్టు నేర్చింది మా కిటికీ కిందే, అమ్మ పక్కన చిన్న పీట వేసుకుని. పెళ్లికి వారం ముందు అమ్మ గోడ దగ్గరికి వెళ్లి, మిషను పిల్లకు ఇస్తానని చెప్పింది. ఆపా ససేమిరా ఒప్పుకోలేదు. నీ చేతులు కట్టేసినట్టవుతుంది, వద్దే వద్దంది. "నా కండ్లు పోయినయి ఆపా. ఇంట్ల తుప్పు పట్టుడు కంటె పిల్లకు అక్కరకొస్తది" అన్నది అమ్మ.

నేను వెనకే నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నోట్లో వెలక్కాయ పడ్డట్టు నిలబడ్డాను. పైగా ఆటో వచ్చినప్పుడు మిషనును నా చేతులతోనే ఎత్తి పెట్టాను. అమ్మ దాని చక్రానికి నూనె వేసి, కొత్త గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి పంపింది. ఇంట్లోకొచ్చి చూస్తే కిటికీ కింద గచ్చు మీద నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. తర్వాత కొన్నాళ్లు ఆమె సీరియల్ చూసేటప్పుడు ఒళ్లో ఊరికే ఉన్న చేతుల్ని ఏం చేయాలో తెలియక కొంగు మడతపెట్టి విప్పుతూ ఉండేది.

బోనాలకు ముందు ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామానంతా దించాను. టీవీ పెట్టె దించుతుంటే లోపల ఏదో దొర్లింది. తెరిచి చూస్తే, కవరులో చుట్టచుట్టిన నల్ల వైరు. కవరు మీద హెచ్‌డీఎంఐ అని పెద్ద అక్షరాలు. హెచ్‌డీ అన్న రెండక్షరాలు చూడగానే పెట్టెను అక్కడే వదిలి టీవీ దగ్గరికి నడిచాను. పాత వైర్లు పీకి దాన్ని గుచ్చాను. తెరలో ఏదో సీరియల్ పునఃప్రసారం. అత్తగారి చీర అంచులో జరీ పోగులు లెక్కపెట్టుకోవచ్చు. ఆమె మెడ దగ్గర పౌడరు ఆగిపోయిన గీత కూడా కనబడుతోంది.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగింది. తెర వంక చూసింది. ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది. "మందు పని చేసింది బిడ్డా" అన్నది. తెరకు దగ్గరగా వచ్చి నవ్వింది. నేను కవరును జేబులో కుక్కుకున్నాను. ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఇప్పుడెందుకు చెప్పడం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి సాకులు వెతుక్కోనక్కర్లేదు, అవే వస్తాయి.

కానీ అమ్మ ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా గోడ దగ్గర చెప్పేసింది: నా కొడుకు మందు తెచ్చిండు, నా చూపు మళ్లొచ్చింది అని. ఆపా నేరుగా మా ఇంటికొచ్చింది. ఆమెకు నిజంగానే ఒక కంట్లో పొర కమ్ముతోంది. నా భుజం మీద చెయ్యి వేసి, "మేరేకు భీ వహీ దవా లాదే బేటా" అని, తనకూ అదే మందు తెచ్చిపెట్టమని అడిగింది.

ఇక నా వల్ల కాలేదు. ఆ మందు మీకు పనికిరాదు, రేపు పొద్దున్నే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానని చెప్పి ఆమెను సాగనంపాను. తర్వాత జేబులోంచి కవరు తీసి అమ్మ ముందు పెట్టాను.

"మందు కాదమ్మా. టీవీకి పాత వైరు పెట్టించిన, గందుకే మసకొచ్చింది. నీ కండ్లకు మొదటి సంది ఏం కాలేదు."

అమ్మ కవరును తిప్పి చూసింది. దాన్ని పక్కన పెట్టింది. తర్వాత అడిగింది: "మరి గప్పుడు నీకు మంచిగ కనబడెనా?"

"లేదమ్మా. నాకు గూడ మసకనే ఉండె" అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. లేచి టీవీ ఆపింది. గూట్లోంచి చుక్కల మందు తీసి చెత్తబుట్టలో వేసింది. అలమరలోంచి సూదుల డబ్బా, కళ్లద్దాలు తెచ్చుకుని, కిటికీ కింద ఆ నాలుగు గుర్తుల మధ్య కూర్చుంది. "నీ అంగి విప్పి ఇయ్యి" అన్నది.

విప్పి ఇచ్చాను. దారం కొసను పెదవుల మధ్య తడిపి, సూదిని వెలుతురుకు పట్టింది. మొదటిసారికే దూరింది. గుండీని దాని చోట పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు.

"మిషిన్ ఇచ్చే ముందల ఒక్కసారి గిట్ల సూది పట్టి చూసుకుంటె నాకే తెల్సిపోతుండె" అన్నది. "చూసుకోలె. నువ్వు చెప్పినవు గదా అని ఊకున్న."

దారం పళ్లతో తెంపి చొక్కా నా చేతికిచ్చింది. గుండీ గట్టిగా ఉంది.