తొమ్మిదింటి డిస్క్ పరీక్ష

లోకంలో ఉన్న కష్టాలన్నిటికీ కారణం నిదానమేనని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. డిప్లొమా చేతికొచ్చి ఆర్నెల్లయింది, నడకలో కూడా తొందర వచ్చేసింది. మా అమ్మకు వరసకు తమ్ముడయ్యే మావయ్యకు ఆటోనగర్‌లో లేతు వర్క్‌షాపు ఉండేది (మూడు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను, నలుగురు పనివాళ్లు, ఒక కంప్యూటరు). "మూడు నెల్లు సూత్తాను. పనికొత్తే ఉంచుతాను. లేదంటే మీ అమ్మకి నానే సెప్తాను" అని నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. నా భయమంతా ఆ చివరి మాట గురించే. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, పోయిన సంగతి మావయ్య నోటివెంట మా అమ్మ వినడం ఇంకో ఎత్తు.

ఏ రోజుకారోజు చేయాల్సిన పనుల డ్రాయింగులు ఆ కంప్యూటర్లోనే ఉండేవి. ప్రింటు చేతికొస్తే తప్ప లేతు తిరగదు. ఆ కంప్యూటరేమో తొమ్మిదింటికి స్విచ్ వేస్తే తొమ్మిదింపావుకి ఒళ్లు విరుచుకుని, తొమ్మిదిన్నరకి గానీ డ్రాయింగు తెరిచేది కాదు. ఆ అరగంటా పనివాళ్లు నలుగురూ బయట చప్టా మీద కూర్చుని టీ తాగేవారు. మధ్యలో ఫోర్‌మన్ బావ (వయసుతో పని లేకుండా అందరినీ బావా అనేవాడు, అందుకని మేమూ అలాగే అనేవాళ్లం). సబ్బవరంలో ఎవరి పొలం పక్కన లేఅవుటు పడింది, ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరి మోకాలికి ఏ మందు పనిచేసింది, అన్నీ అక్కడే తేలేవి. నాకు మాత్రం అక్కడ అరగంట దండగ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మావయ్యను బతిమాలి ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం వేగం డిస్కు కొనిపించాను. ఉన్నవాటిలోకెల్లా చిన్నది, అరచేతిలో పట్టేస్తుంది. పాత డిస్కులో ఉన్నదంతా దాన్లోకి ఎక్కించి, మావయ్యను పక్కన నిలబెట్టుకుని, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి స్విచ్ నొక్కాను. పద్నాలుగు సెకన్లు. ఆయన కళ్లజోడు సవరించుకునేలోపు తెర వెలిగి సిద్ధంగా ఉంది.

"ఏటిరా, అప్పుడే వొచ్చీసినాదా? మళ్లీ సెయ్యి."

మళ్లీ చేశాను, పదమూడు. మూడోసారి ఆయనే నొక్కాడు, పదహారు (స్టాప్‌వాచ్ ఆపడంలో ఆలస్యం ఆయనదేనని ఇప్పటికీ అంటాను). "పనికొచ్చే కుర్రోడివే. మీ అమ్మకి ఫోన్ సేత్తాను" అన్నాడు. ఆ పూట నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మర్నాడు తొమ్మిది దాటి రెండు నిమిషాలకు ప్రింట్లన్నీ బల్ల మీదున్నాయి. మావయ్య గుమ్మంలోకి వచ్చి "కాయితాలు వొచ్చీసినాయి, ఇంకేటి సూత్తన్నారు?" అన్నాడు. నలుగురూ నిండు గ్లాసులు చప్టా మీదే వదిలి లోపలికి నడిచారు. ఆ మధ్యాహ్నం నా క్యారేజీ పక్కన ఇంకో క్యారేజీ తెరుచుకోలేదు. మూడో రోజుకి ఉండబట్టలేక ఫోర్‌మన్ బావనే అడిగాను, నా వల్ల తప్పేమైనా జరిగిందా అని.

"తప్పేటుంది బావా. సదువుకున్నోడివి. మా టీ తాగీసినావు, అంతే."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వుతూ అన్నాడు, నేను క్యారేజీ మూత పెట్టేశాను. మావయ్యను మెప్పించిన సంబరమంతా ఆ మాటతో దిగిపోయింది.

నాలుగు రోజులు ఒంటరిగా తిని ఒక ఉపాయం పన్నాను. "సిన్న డ్రైవు మావయ్యా, రోజూ పొద్దున్నే పరీక్ష సెయ్యకపోతే నమ్మలేం. పరీక్ష నడిసినంతసేపూ డ్రాయింగు తెరవకూడదు" అని మొహం గంభీరంగా పెట్టి చెప్పాను. డిస్కులో ఖాళీ ఉన్నంత మేరా ఏదో ఒకటి రాసి, చదివి, చెరిపేసే ప్రోగ్రాం అది. ఆ చిన్న ప్రాణి మొదట్లో పరుగెత్తి, సగం నిండాక ఆయాసపడి, పాతిక నిమిషాలకు ముగించేది. ఫలితం గ్రాఫు ప్రింటు తీసి గోడకు అంటించేవాణ్ణి. చప్టా మళ్లీ కళకళలాడింది, నాకూ అక్కడ చోటు దొరికింది. "బావా, ఇయ్యాల స్పీడెంత?" అని ఫోర్‌మన్ బావ అడిగేవాడు. "తగ్గింది బావా, ఇంకో గ్లాసు తాగొచ్చు" అనేవాణ్ణి.

ఏడాది దాటాక ఒక సోమవారం డిస్కు మొరాయించింది. చదువుతోంది గానీ కొత్తగా అక్షరం రాయనంటోంది. మావయ్యా నేనూ కొన్న షాపుకి పట్టుకెళ్లాం. ఎంత రాసిందీ ప్రతి డిస్కూ తనలో తాను గుర్తు పెట్టుకుంటుందని చదువుకున్నవాణ్ణే, ఆ క్షణం దాకా ఆ సంగతి బుర్రకు తట్టలేదు. షాపతను దాన్ని తగిలించి చూసి, "రోజూ నిండా రాసి సెరిపీసినారు. ఎవరు సేసినారు సార్ ఈ పని?" అన్నాడు. మావయ్య నావైపు తిరిగాడు. నా కళ్ల ముందు మా అమ్మ కనిపించింది.

తిరుగు దారంతా నిజం చెప్పాను. టీ సంగతి, చప్టా సంగతి, నా క్యారేజీ సంగతి. మావయ్య స్కూటరు ఆపేశాడు. కాలు కింద పెట్టి వెనక్కి తిరిగాడు.

"టీ తాగుతాం మావయ్యా, అరగంట ఇయ్యి అంటే నాను ఒద్దన్నానేటిరా? ఒక్కడైనా నోరిప్పి అడిగినాడా?"

నిజంగానే ఎవరూ అడగలేదు. అంత వయసున్న నలుగురు మగాళ్లు, డిప్లొమా చదివిన నేను, కలిసి ఒక యంత్రాన్ని చంపేశాం గానీ ఒక్క మాట అడగలేకపోయాం. ఆయన కోపం కన్నా, ఆయన నొచ్చుకోవడం నాకు ఎక్కువ సిగ్గనిపించింది. మర్నాటి నుంచి తొమ్మిదింటికి టీ, తొమ్మిదిన్నరకి లేతు. మావయ్య కూడా గ్లాసు పట్టుకొచ్చి చప్టా మీద కూర్చునేవాడు. మా అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఇది జరిగి చాన్నాళ్లయింది. నేను బాగుపడ్డానని చెప్పాలనే ఉంది. మొన్న ఆదివారం పొద్దున్న చేపల పులుసు మీదికి మనసు పోయి, మా ఆవిడ పక్కన కూర్చుని, సముద్రం ఇవాళ నెమ్మదిగా ఉందనీ, హార్బరుకి బోట్లు తిరిగొచ్చి ఉంటాయనీ పావుగంట సేపు మాట్లాడాను. ఆవిడ ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"సేపలు కావాలా?" అంది.