పాకం ఎక్కువైన బీరు

పెళ్లయిన కొత్తలో, యాభైల చివర్లో, ధర్మవరం రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మద్యనిషేధం రోజులు. మా ఆయన ఇంట్లోనే బార్లీతో బీరు తయారుచేసి, సీసాల్లో పోసి, నురగ రావడానికి బెల్లంపాకం కలిపేవారు.

"చెంచా చాలబ్బా, ఎక్కువైతే సీసా పగిలిపోతాది" అన్నాడు ఒకసారి, ఆయనకు ఆ పని నేర్పిన రైలు డ్రైవరు.

"చప్పగా ఉంటే ఏం తాగేదన్నా?" అంటూ ఈయన గరిటెడేసి పోసి మూతలు బిగించారు.

మూడోరోజు మధ్యాహ్నం, మా నెలల పాప పడుకున్న ఉయ్యాల పక్కనున్న సీసా బాంబులా పేలింది. గాజుపెంకు ఆయన చెంపను చీల్చింది. మిగతావీ పేలసాగాయి. ఆయన పాప మీదికి వంగి వీపు అడ్డం పెట్టారు.

"పాపనెత్తుకోని బయటికి పోమ్మే!" అని అరిచారు.

పాపతో బయటపడి వెనక్కి చూస్తే ఆయన చొక్కా నెత్తురుతో తడిసిపోయింది. వీపుకు పదకొండు కుట్లు పడ్డాయి. పాపకు గీత కూడా పడలేదు.

ఆయన మొండితనాన్ని తిట్టబోయినప్పుడల్లా ఆ వీపు కళ్లముందుకొస్తుంది.