మేడం వస్తారని ఊడ్చేసిన టైర్లు

షాపులో దేవుడి పటం పక్కన ఆ ఫ్రేము ఏమిటని మొన్న ఫోన్లో చూసి నవ్వారు కదా పిల్లలూ. అది మన రీట్రెడింగ్ షాపు రిజిస్ట్రేషన్ కాగితం. అంత సులభంగా రాలేదది.

మన పని మీకు తెలిసిందే. అరిగిన లారీ టైరు పైపొర గీకి, కొత్త రబ్బరు అతికించి, వేడి గదిలో ఉడికిస్తాం. మదనపల్లె యార్డు నుంచి టమోటాలు మోసే లారీలు వాటి మీదే మళ్లీ తిరుగుతాయి. లోపల తీగలు తెగిన టైర్లు మాత్రం దేనికీ పనికిరావు. టైరు చేసిన కంపెనీలే దాని చివరిదాకా బాధ్యత తీసుకోవాలని నిబంధన వచ్చాక, మనలాంటి షాపులు కూడా ప్రభుత్వ పోర్టల్లో నమోదు కావాలన్నారు. కుప్పంలో స్కూలు బస్సులు నడిపే ఆయన, "రిజిస్ట్రేషన్ లేకుంటే ఇంగ టైర్లు పంపలేనప్పా" అని తేల్చేశాడు. షాపులో సగం పని ఆయనదే.

మీ మామ కంప్యూటర్లో అన్నీ నింపాడు. షాపు చూసిపోవడానికి కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఒక మేడం వస్తారని తెలిసింది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మనం ఏం చేస్తాం? మీ తాతా అదే చేశారు. పాడైన టైర్లన్నీ కురబలకోటలో తెలిసిన గొర్రెల కాపరికి పంపేసి, దొడ్డి కడిగించారు. నేను ముగ్గు కూడా వేశాను.

మేడం కాఫీ తాగి, దొడ్డంతా చూసి, "పాడైన టైర్లు ఏవండీ?" అన్నారు.

"ఈడ అట్లాంటివి ఒక్కటీ లేవమ్మా" అన్నారు మీ తాత గర్వంగా.

మీ మామ తల పట్టుకున్నాడు. "ఉండాల నాయనా! ఉండాయని పోర్టల్లో పెట్టినాను. అవి సూసేదానికే కదా వచ్చింది!"

పాడైనవి రిజిస్టరైన రీసైక్లింగ్ వాళ్లకే పోవాలట. "పుంగనూరులో ఇంకో షాపు చూసి ఇటే వస్తాను. అప్పటికి చూపించండి. లేకపోతే లేవనే రాస్తాను" అని మేడం కారెక్కారు.

వ్యాను తీసుకుని కురబలకోట పోయాం. ఇచ్చినవి అడగడానికి మొహం చెల్లక మీ తాత వ్యానులోనే ఉండిపోయారు. నేను దిగాను. కాపరి ఆ టైర్లను దడిలా పేర్చుకున్నాడు. గొర్రెపిల్లలు వాటి మధ్య ముడుచుకుని నిద్రపోతున్నాయి.

"ఏంది పెద్దమ్మా, పెండ్లిలో పెట్టిన సీర మళ్లీ అడిగినట్లుండాదే!"

"అట్లే అనుకో నాయనా. ఆపీసరమ్మ వాటినే సూడాలంటాది."

"ఈ కంపు టైర్లనా? వాటికోసరం పుంగనూరు దాంకా పోయి మళ్లీ వస్తాదా? యాల, ఆమెకు వేరే పనిలేదా?" పకపకా నవ్వాడు. "సరే, ఉండు. పిల్లోల్లను లేపుతా."

ఒక్కో గొర్రెపిల్లను ఎత్తి పక్కకు పెట్టాడు. మన కొట్టంలోని వెదురు తడికెలు దడికి పంపిస్తానని మాటిచ్చాను, మరుసటి రోజే పంపాను.

తెచ్చిన టైర్లు కడగడానికి వ్యవధి లేదు. ముగ్గు మీదే దించాం. మేడం వచ్చి వంగి చూసి, "లోపల ఈ బొచ్చేంటి?" అన్నారు.

మామ ఏదో చెప్పబోయాడు. మీ తాత ఆపారు. "గొర్రెలదమ్మా. మీరొస్తాండారని ఇల్లు సర్దినట్లు సర్ది, కాపరికిచ్చేసినా. ఇప్పుడే అడిగి తెచ్చినాము."

ఆమె గట్టిగానే నవ్వారు. ఫోటోలు తీసుకున్నారు. రేకుల కింద పెట్టి, రీసైక్లింగ్ బండికే ఎక్కించాలని, ఇంకెవరికీ ఇవ్వొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు.

రిజిస్ట్రేషన్ వచ్చింది. కుప్పం టైర్లు మళ్లీ వస్తున్నాయి. ఆ ఫ్రేము మీ తాతే కట్టించారు. ఇప్పుడు నేను చీపురు పట్టుకుని పాడైన టైర్లున్న రేకుల వైపు పోతే చాలు, లోపలినుంచి ఆయన కేక వినిపిస్తుంది.

"ఆ మూల జోలికి పోవద్దు!"