గీత దాటే కత్తెర

మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు కోసం చాపిన ఫ్లోరెన్స్ చెయ్యి గ్లాసును దాటిపోయి గోడకు కొట్టుకుంది. భర్త రాజ్ కుమార్ గబుక్కున మణికట్టు పట్టుకుని చేతిని గ్లాసు దగ్గరకు తెచ్చాడు.

"వదలండి, పసిపిల్లనా నేను?"

"ఒలికిపోద్దే."

ఫ్లోరెన్స్ రేపల్లెలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది. మూడు నెలల క్రితం ఆమె చిన్నమెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది, చేతిలో బలమూ తగ్గలేదు. బిందెడు నీళ్లు ఎత్తగలదు గానీ సూదిలో దారం ఎక్కించలేదు. అన్న కూతురు రిబ్కా పెళ్లికి తెల్లపట్టు జాకెట్టు తనే కుడతానని ఎప్పుడో మాటిచ్చింది. శనివారానికి గుడ్డ కత్తిరించలేకపోతే బాపట్లలో కుట్టించుకుంటామని వదిన ప్రమీలారాణి కబురు పెట్టింది.

ఆ రోజే మొగుడూ పెళ్లాలు రైల్లో తెనాలి వెళ్లారు. అక్కడి ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే శ్రుతి గోడ మీది కాగితంపై చుక్కలు పెట్టి, వేలితో తాకమంది. ఫ్లోరెన్స్ చెయ్యెత్తగానే రాజ్ కుమార్ మోచేతి కింద తన చెయ్యి పెట్టాడు.

"సార్, మీ చెయ్యి తీయండి."

"పడిపోద్దేమోనండి."

"ఎక్కడికి పడిపోద్దండి? భుజానికి అతుక్కునే ఉందిగా. ఇంట్లోనూ ఇంతేనా?"

"మూడు నెలల్నించీ ఒక్క పూట వదల్లేదండి," అన్నాడతను గర్వంగా. "అన్నం కూడా చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు వంతులేసుకొచ్చి ప్రార్థన చేసి, ముద్దలు పెట్టి వెళ్తన్నారు."

శ్రుతి పెన్ను బల్ల మీద పడేసింది. "చిన్నమెదడు పైపొరలో పెద్ద కణాలు ఉంటాయండి. వాటి పని కదలమనడం కాదు, అవతలి కణాల్ని అదుపు చెయ్యడం. ఆ అదుపు సమయానికి అందితేనే చెయ్యి గ్లాసు దగ్గర ఆగుద్ది. గురి తప్పినప్పుడల్లా కణాల మధ్య కలయికలు కొన్ని బలపడి, కొన్ని సడలి, మెల్లగా సర్దుకుంటాయి. మీరు ఆవిణ్ణి తప్పనిస్తేగా!"

తిరుగు రైల్లో ఫ్లోరెన్స్ లెక్క వేసుకుంది. మూడు నెలలు మట్టిలో కలిసిపోయాయి. పోనీ తిడదామంటే, ఎవరిని తిట్టాలి? అందరూ మంచివాళ్లే.

మర్నాడు సమాజం వాళ్లొస్తే, "ప్రార్థన చేసి వెళ్లండమ్మా, ముద్ద మాత్రం పెట్టొద్దు," అంది. తనే తింటే సగం అన్నం చీర మీదే పడింది. "జబ్బుతో పాటు పొగరూ పట్టింది," అనుకుంటూ వాళ్లు గుమ్మం దాటారు.

మూడు రోజులూ పాత పేపర్లు కత్తిరించింది. శనివారం ప్రమీలారాణి వచ్చి కూర్చుంది. ఫ్లోరెన్స్ ముందుగా పాత దుప్పటి మీద సుద్దతో కొలతలు గీసింది. గీతలే వంకర పోయాయి. తిట్టుకుంటూ వాటినే దిద్ది కత్తెర పట్టింది. తిన్నని గీత మీద కత్తెర బాగానే నడిచింది. చంక దగ్గర వంపు తిరగాల్సిన చోట ఆగక, రెండు వేళ్ల మేర లోపలికి చీరేసింది.

"రెండు వారాలు ఆగు వదినా."

"నేను ఆగుతానమ్మా, పెళ్లి ఆగుద్దా?"

ఫ్లోరెన్స్ పట్టుగుడ్డను తనే మడిచి సంచిలో పెట్టి ఇచ్చింది. మడత సరిగ్గా రాలేదు. సరిచేయబోయిన రాజ్ కుమార్‌ను, "ముట్టుకోకండి," అని కసిరింది.

వదిన బాపట్ల బస్సెక్కింది. సాయంత్రం లోపు ఫ్లోరెన్స్ దుప్పటి మీద నలభై వంపులు కత్తిరించింది. గీత మీద నిలిచినవి ఆరు.