ఎర్రదారం కట్టిన పచ్చ లైటర్

చౌటుప్పల్ దగ్గరి మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పొగ తాగరాదన్న బోర్డు పెట్టించింది నేనే. క్యాంటీన్‌లో ఎవడిదో సిగరెట్ బూడిద నా అన్నంలో రాలితే, నేరుగా మేనేజర్ గదికి వెళ్లి గొడవ చేశాను. చట్టం ఉంది, జరిమానా పడుతుందని బెదిరించాను కూడా. వారం తిరక్కుండా బోర్డు వచ్చింది. తాగేవాళ్లు గేటు బయటికి పోవాలి. లైటర్లు, అగ్గిపెట్టెలు వాచ్‌మన్ ట్రేలో పెట్టాకే లోపలికి రావాలి. నేను తెగ మురిసిపోయాను.

అది మూడునాళ్ల ముచ్చటే అయింది. పదకొండేళ్లుగా నాతో ఒకే మిషన్ మీద పనిచేస్తూ, నా డబ్బాలోని చింతకాయ తొక్కుతో తన జొన్నరొట్టె తినే స్నేహితుడు, ఇప్పుడు రొట్టె సగంలో వదిలి గేటు బయటికి పరుగెత్తేవాడు. అక్కడ చాయ్ బండి పక్క బెంచీ మీద లోడింగ్ వాళ్లు నలుగురుండేవారు. వాళ్ల నవ్వులు క్యాంటీన్ దాకా వినిపించేవి. నాకు కడుపు మండిపోయేది. నా దగ్గర ఎన్నడైనా అంత గట్టిగా నవ్వాడా?

తప్పంతా సిగరెట్‌దే అనుకున్నాను. ట్రేలో ఎర్రదారం కట్టిన అతని పచ్చ లైటర్ కనిపిస్తే సవతిని చూసినట్టుండేది. ఒక పొద్దున వాచ్‌మన్ నీళ్లకు వెళ్లినప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. బోర్డు పెట్టించిన నేనే లైటర్‌తో లోపలికి నడిచాను.

మధ్యాహ్నం అతను ఎప్పటిలాగే వెళ్లాడు. లైటర్ దొరక్క విసుక్కుంటూ తిరిగొస్తాడని తొక్కు డబ్బా తెరిచి కూర్చున్నాను. రాలేదు. ఉండబట్టలేక బయటికి వెళ్లి చూస్తే, బెంచీ మీద చాయ్ గ్లాసు పట్టుకుని ఏదో చెప్పి అందరినీ నవ్విస్తున్నాడు. చేతిలో సిగరెట్ లేదు.

"లైటర్ దొరకలేదా?" నోరు జారాను.

"గదెందుకురా నాకు? సిగరెట్ బంద్ చేసి రెండు నెలలాయె. ఎవలకన్న పనికొస్తదని ట్రేలనే ఉంచిన. నీకు చెప్పలేదా?"

లోడింగ్ వాళ్లలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందరికీ తెలుసు.

"నిలవడ్డవేంది? కూసో, చాయ్ తాగుదువు" అంటూ పక్కకు జరిగి జాగా ఇచ్చాడు.

"ఇంకా తినలేదు" అని వచ్చేశాను. క్యాంటీన్‌లో పొగ లేదు, బూడిద లేదు. నేను కోరుకున్నట్టే ఉంది. జేబులో లైటర్ తొడకు ఒత్తుకుంటుంటే, అతను వదిలివెళ్లిన సగం రొట్టె వైపు చూస్తూ కూర్చున్నాను.