రాయికి ఒకవైపే గుర్తు

మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి దగ్గర మొదట వెచ్చబడేవి నీళ్ళు కావు, ఆయన బూట్లు. రాత్రి చలికి ఆ తోలు చెక్కలా బిగుసుకుపోయేది. పొయ్యి రాజేసి, వాటిని మరీ దగ్గరికి జరపకుండా, మరీ దూరం పెట్టకుండా, నాలుకలు పైకి లాగి నిలబెట్టేదాన్ని. అవి మెత్తబడ్డాకే టీకి నీళ్ళు. "నా కాళ్ళకి జరిగే మర్యాదలో సగం నా నోటికి జరిగితే బాగుండు," అని ఆయన మంచం మీంచే సణిగేవారు. ఇప్పుడు నీళ్ళే ముందు. బూట్లు తలుపు వెనక ఉన్నాయి. పొయ్యి అంటుకోగానే నా చెయ్యి అటు పోతుంది, మళ్ళీ వెనక్కి వస్తుంది.

ఆయన పని ఏమిటో బయటివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. మా ఊరి వెనక అయిదు పెద్ద కొండలున్నాయి. బస్సుల షెడ్డు పక్కనుంచి ఎక్కడం మొదలుపెట్టి, ఒకదాని నెత్తి మీంచి ఇంకోదాని నెత్తి మీదికి నడుస్తూ, రాత్రుళ్ళు దారిలో ఉన్న రాతి గదుల్లో పడుకుని, మూడోనాటి మధ్యాహ్నం దాటాక మా పెరటి వెనక దిగుతారు. గుండ్రంగా ఒక చుట్టు. వేసవి వస్తే ఎక్కడెక్కడివాళ్ళో ఆ చుట్టు నడవడానికి వస్తారు. వాళ్ళు దారి తప్పకుండా రాళ్ళ మీద గుర్తులుండాలి. పైన ఎర్ర గీత, కింద తెల్ల గీత. మంచు కరిగేసరికి ఏటా రంగు పెచ్చులూడుతుంది, పేర్చిన రాళ్ళు దొర్లిపోతాయి. కొండదారుల ఆఫీసువాళ్ళిచ్చిన రంగు డబ్బాలు వీపున మోసుకుంటూ ఆ చుట్టంతా తిరిగి, గుర్తులు మళ్ళీ వేసి, రాళ్ళు మళ్ళీ పేర్చి రావడం, ఇదీ ఆయన పని. వీధిలో పిల్లలు రంగుడబ్బా మావయ్య అనేవాళ్ళు. గోళ్ళ సందుల్లో ఎరుపు ఎంత రుద్దినా పోయేది కాదు. పెళ్ళిళ్ళకి వెళ్తే చేతులు జేబుల్లోంచి తీసేవారు కాదు.

మీసాలు రాకముందే రాతి గదులకి కట్టెలు మోసే కూలీగా కొండెక్కారట. అప్పటి గుర్తులాయన ముసలివాడైపోయి, బ్రష్షు ఈయన చేతికిచ్చాడు. అంతే, ఇంకో పని చెయ్యలేదు, చెయ్యాలనీ అనుకోలేదు. చదును నేల మీద ఆయన నడక చూస్తే మాత్రం నవ్వొచ్చేది. మెట్లు లేనిచోట కూడా మెట్టెక్కుతున్నట్టు కాలు ఎత్తి ఎత్తి వేసేవారు. "బావగారు బజారుకి వెళ్తుంటే బురదలో కొంగ పోతున్నట్టుంటుందక్కా," అనేది నా తోడికోడలు. ఆయనకి వినపడేలాగే అనేది. "కొంగకి చేపైనా దొరుకుతుంది, నాకు మీ ఇంట్లో టీ కూడా దొరకదు," అనేవారు ఆయన.

ఆ కొండలకి మ్యాపులో ఏవో పేర్లున్నాయట. మాకు తెలిసింది ముక్కు, అక్కాచెల్లెళ్ళు, గుర్రం వీపు, ముసలాయన. అక్కాచెల్లెళ్ళంటే రెండు కొండలు, పక్కపక్కన. ముసలాయన చివరిది, అన్నిటికన్నా ఎత్తు. ఎండాకాలంలోనూ దాని నెత్తిన కాస్త తెలుపు ఉంటుంది.

చుట్టు పూర్తిచేసి ఇంటికొచ్చిన రోజు ఆయన కాళ్ళు వేణ్ణీళ్ళ బేసిన్లో పెట్టుకుని కూర్చుని, ఏటా ఒకే మాట మొదలుపెట్టేవారు.

"ముసలాయన నెత్తి మీంచి చూశానోయ్ నిన్ను. గుమ్మంలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నావు."

నిజమే, ఆరబెట్టుకున్నాను.

"ఎర్ర దుప్పటి తీగ మీద ఆరేశావు. నచ్చలేదు. తీసి తిరగేసి మళ్ళీ ఆరేశావు."

అదీ నిజమే. "అంత ఎత్తు నుంచి ఎలా కనపడతానండీ? చీమలా ఉండనూ?" అంటే, "నా చీమ నాకు తెలియదా?" అనేవారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఆ ముసలాయన నెత్తి మీద నిలబడాలి. ఆయనకి మా పెరడు ఎలా కనపడేదో, అందులో నేను ఎంత ఉండేదాన్నో చూడాలి. ఏడాదికోసారి అడిగేదాన్ని. ఓ ఏడు అత్తగారు మంచాన పడ్డారు. తర్వాత అమ్మాయి చిన్నపిల్ల. ఆ తర్వాత అదే అమ్మాయికి కాన్పు. "కొండలెక్కడికి పోతాయే, వచ్చే ఏడు వెళ్దాంలే," అనేవారు. కొండలు ఎక్కడికీ పోలేదు. కిందటేడు చలి మొదలయ్యేముందు నాకు బూట్లు కూడా కొనుక్కొచ్చారు, గోధుమరంగువి. మంచు పడుతుండగా ఆయనకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. కొండ మీద ఏమవుతుందోనని ఇన్నేళ్ళూ గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆయనేమో మంచం మీద, దిండు మీద తల పెట్టుకుని పోయారు.

మంచు కరిగాక ఆఫీసు నుంచి కబురొచ్చింది. కొత్త మనిషి ఇంకా దొరకలేదు, ఈ ఒక్క ఏడూ గుర్తులు వేసిపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. నా మరిది ఒప్పుకున్నాడు. అతను బస్సుల షెడ్డులో మెకానిక్. నోరు పెద్దది, పొట్ట అంతకన్నా పెద్దది. చిన్నప్పుడు అన్న వెంట రెండుమూడుసార్లు ఆ చుట్టు తిరిగాడు.

"నేనూ వస్తాను," అన్నాను, వాళ్ళింటికి వెళ్ళి.

"ఎక్కడికి వదినా? బజారుకా?"

"ముసలాయన దాకా."

తోడికోడలు చేటలో బియ్యం ఏరడం ఆపేసింది. "అక్కా, డాబా మీద బట్టలారేసి దిగొస్తేనే గోడ పట్టుకుని నిలబడతావు నువ్వు!"

"అక్కడ కొండ పట్టుకుని నిలబడతాను."

"నువ్వు పడిపోతే మోసుకురావడానికి నేనేమన్నా మా అన్ననా?" అన్నాడు మరిది.

"నువ్వు పడితే నాకా బాధ లేదులే. నీ ఆకారానికి మొయ్యక్కర్లేదు, ఓ తోపు తోస్తే ఊళ్ళోకొచ్చి పడతావు."

తోడికోడలు చేట పక్కనపెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వు అయ్యాక, "ఒక్కసారి అక్కడినుంచి చూడాలయ్యా. ఇంకేం లేదు," అన్నాను. మరిది నా మొహం వంక చూసి, "సరే. గుడ్లు ఎక్కువ ఉడకబెట్టు," అన్నాడు.

ముక్కు కొండ దగ్గర నున్నటి పెద్ద బండ ఉంది, ఇనప గొలుసు పట్టుకుని ఎక్కాలి. దాని కిందే మొదటి గుర్తు. పని ఇలా పంచుకున్నాం: మరిది తీగ బ్రష్షుతో పాత రంగు గీకుతాడు, నేను కొత్తది వేస్తాను. అతను గీకగానే ఎర్ర పెచ్చులు గాలికి లేచి నా ఒళ్ళో పడ్డాయి. ఆయన చేత్తో వేసిన రంగు అది. ఆయన గీత చివర బ్రష్షును చటుక్కున పైకి లేపేవారులా ఉంది, ప్రతి గీతకీ చిన్న తోక ఉండేది. నా గీతలు తిన్నగా వచ్చాయి, స్కేలు పెట్టినట్టు. ఒక్కో రాయి దగ్గరా ఆయన గీత పోయి నాది వస్తోంది. దాని కోసమే వచ్చాం కదా, ఏమంటాను? పెచ్చులు దులుపుకోకుండా నడిచాను. కొత్త బూట్లు మడమని కొరికేశాయి.

అక్కాచెల్లెళ్ళ మధ్య ఉండగా మబ్బు వచ్చి మీద కూర్చుంది. చాచిన చెయ్యి కనపడటం లేదు. "వెనక్కి పోదాం వదినా, రాతి గదిలో కూర్చుందాం," అని మరిది గిరుక్కున తిరిగాడు. తిరిగితే ఒక్క గుర్తూ లేదు. ఈ రాయి చూశాడు, ఆ రాయి చూశాడు.

"ఇప్పుడే కదా వేశాం! రంగు తడైనా ఆరలేదు! ఏమైపోయాయి?"

"అవతలివైపున్నాయి," అన్నాను.

ముక్కు మీది బండ ఎక్కొచ్చు గానీ దిగకూడదు, జారితే ఇక అంతే. అందుకని ఆ చుట్టు అందరూ ఒకే దిక్కున నడవాలి. ఎదురు తిరిగేవాళ్ళు ఉండరు కనక, గుర్తు కూడా రాయికి ఒకవైపే, వచ్చేవాళ్ళకి ఎదురుగా. ఈ సంగతి మరిదికీ తెలుసు. తెలిసీ, స్వయంగా తన చేత్తో గీకి, మబ్బు రాగానే మర్చిపోయాడు. ఒక్కో రాయి వెనక్కీ వెళ్ళి, అరచేత్తో తడిమి, "ఇదిగో తడి! ఇదే!" అంటాడు. ఆ చేత్తోనే మొహం తుడుచుకుంటాడు. మబ్బు కాస్త పలచబడ్డాక చూద్దును కదా, ముక్కు, చెంపలు, చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఈ చుట్టుకి గుర్తులక్కర్లేదు, నిన్ను నిలబెడితే చాలు," అన్నాను.

"నవ్వు వదినా నవ్వు. ఎన్నాళ్ళకి నవ్వావు," అన్నాడు. అన్నాక ఇద్దరం చూపులు తిప్పుకున్నాం. వెనక్కి వెళ్ళలేదు. ఎలాగూ ముందుకి వెళ్తేనే ఇల్లు.

గుర్రం వీపు దగ్గరి రాతి గదిలో ఆయన కోటు తగిలించుకునే మేకు ఉంది. ఆయన ఎత్తుకి కొట్టుకున్నది. నా సంచి తగిలించాలంటే మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది.

ముసలాయన నెత్తి మీదికి చేరేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది. మడమ సంగతి మర్చిపోయాను. చివరి రాళ్ళు చేతులతో పాకుతూ ఎక్కి, అంచున నిలబడి చూశాను. ఏరు కనపడింది. బస్సుల షెడ్డు రేకులు మెరుస్తూ కనపడ్డాయి. మా వీధి మొదలు కనపడింది, మలుపు దాకా కనపడింది. మలుపు తర్వాత ఇంకేం లేదు. కొండ భుజం ఒకటి అడ్డంగా ఉంది. మా ఇల్లు దాని వెనకుంది.

ఇటు జరిగాను. అటు జరిగాను. రాళ్ళకుప్ప మీదికి ఎక్కాను, మరిది నా కోటు వెనక పట్టుకున్నాడు.

"అదిగో వదినా, అదే మన ఇల్లు! పొగ కూడా వస్తోంది చూడు."

"అది కోళ్ళఫారం."

"అది కాదు, దాని పక్కది..."

"అది పెట్రోలు బంకు. నాకు కళ్ళున్నాయి. నువ్వూ మొదలుపెట్టకు అబద్ధాలు."

నేను అక్కడే కూలబడ్డాను. మరి జుట్టు? మరి ఎర్ర దుప్పటి? కిటికీ అద్దం తుడుస్తూ పాట పాడానని ఒకసారి అన్నారే, పాట కూడా వినపడిందా ఇక్కడికి? ఎవరినడగను? "ఎంత మాయ చేశారండీ" అని పోట్లాడుదామన్నా ఎదురుగా మనిషి లేడు. పోట్లాడితే బాగుండుననిపించింది. ఎంత సేపైనా పోట్లాడేదాన్ని.

"మా అన్న నోటికొచ్చింది చెప్పేవాడు వదినా. చీకట్లో విసిరిన రాయిలా తగిలేది," అన్నాడు మరిది మెల్లగా.

"ప్రతిసారీ తగులుతుందా?"

గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టాడు. తినలేకపోయాను. లేచి దిగడం మొదలుపెట్టాం. దిగే దారంతా అతను గీకుతూ, నేను గీస్తూ వచ్చాం.

మా పెరటి కంచె వెనక, పడుకున్న గేదెంత రాయి ఒకటుంది. ఇంటివైపు నుంచి దాన్ని నేను ఎరగనిదేం లేదు. దిండ్లు దాని మీదే ఎండబెడతాను, చిక్కుళ్ళు ఒలుస్తూ దానికే చేరగిలబడతాను. అవతల ముళ్ళపొద ఉందని అటు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆరోజు పైనుంచి దిగుతూ మొదటిసారి దాని రెండోవైపు చూశాను. ఆఖరి గుర్తు దాని మీదే ఉంది. ముళ్ళపొద పక్కనుంచి సన్నటి దారి. రాయి వెనక కొంచెం మేర గడ్డి మొలవకుండా నేల గట్టిపడి ఉంది. కూర్చోవడానికి వీలుగా ఒక బల్లపరుపు రాయి తెచ్చి వేసి ఉంది. దాని చుట్టూ వానకి నల్లబడిన వేరుసెనగ తొక్కలు. చుట్టుకి వెళ్ళేటప్పుడు ఆయన జేబు నిండా వేరుసెనక్కాయలు పోసేది నేనే.

ఆ బల్లపరుపు రాయి మీద కూర్చున్నాను. గేదెరాయి వీపు మీంచి మా పెరడు మొత్తం కనపడింది. గుమ్మం, బట్టల తీగ, వంటింటి కిటికీ. నా మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి వచ్చిన తోడికోడలు గుమ్మంలో కూర్చుని, ఎవరూ చూడటంలేదన్న ధైర్యంతో నా గరిటె పెట్టి వీపు గోక్కుంటోంది. పళ్ళ మధ్య పెట్టుకున్న జడపిన్ను కూడా కనపడుతోంది నాకు.

నాలుగడుగులు వేస్తే ఇల్లు. వీపున బరువు, కాళ్ళు నొప్పులు, ఆకలి. ఆ నాలుగడుగులూ వెయ్యకుండా ఇక్కడ కూర్చునేవారన్నమాట.

మరిది వెనకనుంచి వచ్చాడు, బ్రష్షు చేత్తో పట్టుకుని. "హమ్మయ్య, ఇదే ఆఖరుది. కాస్త జరుగు వదినా, గీకేస్తాను."

"వద్దు."

"వద్దేమిటి? సగం రంగు ఊడిపోయింది."

"ఊడనీ."

"ఆఫీసువాళ్ళు చూస్తే నన్ను తిడతారు."

"ఇక్కడిదాకా వచ్చినవాడికి ఇంకా గుర్తెందుకయ్యా? అదిగో ఇల్లు, అదిగో వీధి. దారి తప్పుదామన్నా తప్పలేడు."

"పోనీ వచ్చే ఏడు..."

"వచ్చే ఏడూ వద్దు. అడిగితే మా వదిన మొండిది, మాట వినదని చెప్పు."

"అది వాళ్ళకీ తెలుసు," అన్నాడు. నేను కూర్చున్న చోటు చూశాడు, తొక్కలు చూశాడు. తీగ బ్రష్షు సంచిలో పడేసి, నాకన్నా ముందు దిగి వెళ్ళాడు.

డబ్బాలో అడుగున ఇంకా ఒక గుర్తుకి సరిపడా ఎరుపు ఉంది. మూత పెట్టి, చేతిరాయితో చుట్టూ కొట్టి బిగించాను.