ఆ దీవిలో మా ఆయన ఎవరిని అమ్మా అన్నాడు?

మాది గద్వాల. పుట్టిల్లూ మెట్టిల్లూ రెండూ మగ్గాల ఇళ్లే. ఫలానా ఆమెకు గాలి సోకింది, ఫలానా వాడికి దయ్యం పట్టింది అని వీధిలో ఎవరైనా అంటే నేను నవ్వేదాన్ని. చీకటితో లేచి కండెలు చుట్టుకునే మనిషికి దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? నాకు ఇప్పటికీ వాటి మీద నమ్మకం లేదు. అయినా ఒక దీవిలో పట్టపగలు నా కళ్లతో చూసినదాన్ని మాత్రం లేదనలేను.

అవి నిజాం సర్కారు రోజులు. పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఆ ఏడు అమ్మవారు పోసి మా కేశవులు పోయాడు. మాకు ఒక్కడే కొడుకు. అప్పుడప్పుడే మాటలు చక్కగా పలుకుతున్నాడు.

నేను ఏడ్చాను, తల బాదుకున్నాను, నలుగురూ ఓదారిస్తే ఓదార్పు పొందాను. మా ఆయన రాములు మాత్రం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. పిల్లవాణ్ని మట్టిలో పెట్టి వచ్చిన రోజు నుంచి మాట మానేశాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు గానీ పోగుల మధ్య నాడె విసిరేవాడు కాదు. పోగులు అలాగే బిగిసి ఉండేవి. అన్నం కలిపి నోటికి అందిస్తే రెండు ముద్దలు తినేవాడు, లేకపోతే అదీ లేదు.

ఆయన అన్న వెంకటయ్య బావ బొంబాయిలో ఒక సేటు దగ్గర పని చేసేవాడు. సేటుకు ఒక మోటరు లాంచి ఉండేది. తీరం వెంట దీవులకు బియ్యం, గ్యాసునూనె, గుడ్డలు చేరవేసి, అక్కడి నుంచి కొబ్బరికాయలు తెచ్చేది. దాని ఇంజను బావ చూసుకునేవాడు. కబురు తెలిసి వచ్చాడు. తమ్ముణ్ని చూసి నా వైపు తిరిగాడు.

"గిట్లనే కూసుంటె తమ్ముడు మనకు దక్కడు నర్సమ్మా. జర గాలి మారాలె. ఇద్దరు నాతోని రాండ్రి, లాంచిల నాలుగు దీవులు తిప్పుకొస్త" అన్నాడు.

రాయచూరు దాకా బండి మీద, అక్కడి నుంచి రైల్లో బొంబాయి పోయాం. నేను అంతవరకు చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలపు కృష్ణే. సముద్రాన్ని చూశాక అవతలి గట్టు కోసం ఎంతసేపు వెతుక్కున్నానో.

మా ఊళ్లో చలికి చేతులు కొంకర్లు పోయే రోజులవి. లాంచి దక్షిణానికి పోయేకొద్దీ ఎండ వెచ్చబడింది. మొదట వాంతులయ్యాయి, తర్వాత అలవాటు పడ్డాను. ఒకనాడు పొద్దున చేపలు నీళ్లలోంచి గుంపుగా ఎగిరి మళ్లీ నీళ్లలో పడుతుంటే నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. వెంటనే, కేశవులు ఉంటే చప్పట్లు కొట్టేవాడు కదా అనిపించింది. నోరు మూసుకుని పక్కకు తిరిగాను. మా ఆయన బియ్యం బస్తాలకు ఆనుకుని కూర్చున్నాడు. చేపల వైపు చూడనే లేదు.

రెండు దీవుల్లో దిగి సరుకు దించాం. ఆయన లాంచి దిగలేదు. మూడో దీవి దగ్గరపడే వేళకు మిట్టమధ్యాహ్నం. అది చిన్న దీవి. తెల్లటి ఇసుక, వెనక కొబ్బరి చెట్లు.

లంగరు ఇంకా వెయ్యనే లేదు. మా ఆయన లేచి నిలబడ్డాడు. మోకాటి లోతు నీళ్లలోకి దిగి ఒడ్డుకు నడిచిపోయాడు. నేనూ బావా కేకలు వేస్తూ వెంటపడ్డాం. ఒడ్డు నుంచి లోపలికి వెడల్పాటి బాట ఉంది. ఆయన అది వదిలేసి మొగలి పొదల మధ్య మనిషి పట్టీ పట్టని సందులోకి దూరాడు. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ అడగలేదు.

సందు చివర ఒక గుడిసె. వాకిట్లో ఒక ముసలామె చేపలు ఎండబెడుతోంది. మా ఆయన నేరుగా గుడిసె దగ్గరికి పోయి, చూరులో చెయ్యి పెట్టి, చిలుమెక్కిన చిన్న కత్తి ఒకటి బయటికి తీశాడు. అది తీసి ఆమె ముందు పెట్టి "ఆయీ" అన్నాడు.

మరాఠీలో ఆ మాటకు అమ్మ అని అర్థమట. మా ఆయనకు తల్లి చిన్నప్పుడే పోయింది.

ముసలామెకు చూపు సరిగా ఆనేది కాదనుకుంటాను. ఆయన ముఖం రెండు చేతులతో తడిమింది. తర్వాత కత్తిని తడిమింది. అప్పుడు ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం నాకు తెలిసినదే. కేశవులు పోయిననాడు నా గొంతులోంచీ అదే వచ్చింది.

ఇద్దరూ మాటల్లో పడ్డారు. నెలల తరబడి నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి ఆమెతో గలగలా మాట్లాడుతున్నాడు. బావ ముఖం పాలిపోయింది.

"వీడు మరాఠీ మాట్లాడుతుండు నర్సమ్మా! గిన్నేండ్ల సంది ఉన్న నాకే గంత సాఫ్‌గ రాదు."

"ఏమంటుండు బావా?"

"వల ఏడ పెట్టినవని అడుగుతుండు. నాయిన ఎట్ల పోయిండని అడుగుతుండు."

ముసలామె గంజి, చేప కూర పెట్టింది. ఆయన వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. ఆయన కడుపునిండా తింటుంటే ముందు నా ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతే భయం పుట్టింది.

ఈలోగా చుట్టుపక్కల వాళ్లు చేరారు. బావ అడిగి తెలుసుకున్నాడు. ఆమె కొడుకు కొన్నేళ్ల కిందట పడవ మీద చేపలకు పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ కత్తి వాడిదే. వాడు పోయిన నాటి నుంచి దాని కోసం ఆమె ఇల్లంతా వెతుకుతూనే ఉందట. ఆ కొడుకు పోయేనాటికి మా ఆయన గద్వాలలో మగ్గం మీదున్నాడు, మాకు పెళ్లి కూడా అయింది. కాబట్టి పోయిన జన్మ అనడానికీ లేదు.

లాంచి మీంచి పిలుపు వచ్చింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "లే, పోదాం" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ముసలామె వైపు తిరిగి ఏదో అడిగాడు. బావ దాన్ని తెలుగులో చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది.

నేను అక్కడే కూలబడ్డాను. ముసలామె బావను నా గురించి అడిగింది. బావ అంతా చెప్పాడు, కేశవులు సంగతి కూడా.  అది విని ఆమె లేచి వచ్చి మా ఆయన చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏదో చెప్పింది. బావ ఏడుస్తూ చెప్పాడు.

"నా కొడుకు దరియాల పోయిండు, ఈ పిల్ల కొడుకు గూడ పోయిండు. నేను ఓర్చుకున్న. ఉన్న ఒక్క మొగుణ్ని గూడ ఈమెకు లేకుంట చేస్తనా? తీస్కపో, అంటుంది."

ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. ఆయన ఎదురు చెప్పకుండా నా వెంట నడిచాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె మా వైపు చూడటం లేదు. చేపలు తిరగేస్తోంది.

దీవి కనుమరుగయ్యాక ఆయన నన్ను గుర్తుపట్టినట్టు చూశాడు. "నర్సమ్మా, పిలగాడు లేడే! మన కేశవులు లేడే!" అని నా భుజం మీద పడి ఏడ్చాడు. అన్ని నెలల ఏడుపూ ఆ పూటే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. బావ ఇంజను దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు దీవి సంగతి ఎత్తితే ఆయన వింతగా చూశాడు.

"నేను ఏడ దిగిన? నా చేతులకు గీ చేపల వాసన ఏంది?"

గద్వాల వచ్చాక మళ్లీ మగ్గం ఆడింది. ఇంట్లో మాట వినబడింది. మరాఠీ ముక్క మాత్రం మళ్లీ ఆయన నోట రాలేదు. సంతలో మరాఠీ బేరగాళ్లు పలకరిస్తే తెల్ల ముఖం వేసేవాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఒకరోజు ఆయన కృష్ణకు పోయి గుండు చేయించుకుని తడిబట్టలతో ఇంటికొచ్చాడు. చేతిలో కండె వదిలేసి ఎదురెళ్లాను.

"ఎవరు పోయిన్రయ్యా?"

"తెల్వదే. చెయ్యాలనిపించింది, చేసిన."

ఆ తర్వాత కొద్దిరోజులకు బావ వచ్చాడు. మాటల మధ్యలో, ఆ దీవి ముసలామె కాలం చేసిందని, నా అనే వాళ్లు లేక ఊరివాళ్లే సాగనంపారని చెప్పాడు. ఏ రోజని గుచ్చిగుచ్చి అడిగాను. ఈ మధ్యనే అన్నాడు తప్ప, రోజు బావకూ తెలియదు. కాబట్టి అది మా ఆయన గుండు చేయించుకున్న రోజేనని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఎంత ఆలోచించినా నాకు ఇది ఎటూ తేలలేదు.

మా ఆయన మగ్గంలోంచే అంతా విన్నాడు.

"ఎవరామె?" అన్నాడు.

"నీకు ఓ పూట అన్నం పెట్టినామె."

అప్పుడప్పుడే మొలుస్తున్న తల వెంట్రుకలు ఒకసారి నిమురుకున్నాడు.

"మంచిగయింది పో. ఎవరో ఒకరు చెయ్యాలె గద" అని నాడె విసిరాడు.